నిండు కాలు, ఖాళీ కాలు

గణపతిరావు మాస్టారు అరిస్తే అరకు రైల్వే గేటు దగ్గర ఆగిన ఆటోవాళ్ళు కూడా సావధాన్‌లో నిలబడతారని బడిలో ఆడపిల్లలు చెప్పుకునేవారు. అందులో కొంత అతిశయం ఉన్నా పూర్తిగా అబద్ధం మాత్రం కాదు. ఆయన గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడు. యాభై రెండేళ్ళ మనిషి. వయసులో ఉండగా బొబ్బిలి జట్టుకు కబడ్డీ ఆడినవాడు. ఒళ్ళంటే చెప్పినట్టు వినవలసిన జీతగాడని ఆయన నమ్మకం. వినకపోతే అరవాలి. అరిచినా వినకపోతే ఇంకాస్త గట్టిగా అరవాలి. తన ఒంటి మీదా, పిల్లల మీదా పాతికేళ్ళుగా ఆయన నడిపిన పద్ధతి ఇదొక్కటే.

ఆగస్టు పదమూడో తేదీ పొద్దున్న, జెండా పండగ కవాతు సాధన చేయిస్తుంటే తొమ్మిదో తరగతి వరస మొత్తం ఎడమ కాలు వేయాల్సిన చోట కుడి కాలు వేసింది. మాస్టారు ఛాతీ నిండా గాలి పీల్చుకుని "బాయే..." అని అందుకున్నారు. "ముడ్" బయటికి రాలేదు. కళ్ళ ముందు పచ్చటి చుక్కలు లేచాయి. నుంచున్న మనిషి నుంచున్నట్టే తడి నేల మీద కూలిపోయారు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ బీపీ పట్టీ మూడుసార్లు కట్టి చూసింది. మూడుసార్లూ నూట తొంభై చిల్లరే వచ్చింది.

"మాత్రలు రాస్తున్నాను, ఒక్కరోజు కూడా మానకండి. ఉప్పు తగ్గించండి. పొద్దున్నే నడవండి. అరవడం మాత్రం పూర్తిగా మానెయ్యండి" అంది.

"అరవకపోతే నా ఉద్యోగం ఏటుంటదమ్మా?" అన్నారు మాస్టారు.

పక్కన నిలబడ్డ ఆయన భార్య రత్నాలు చీటీ వైపు వంగి, "ఇంట్లో కూడా మానీమని ఇందులో రాసీయండమ్మా, నా మాటైతే వినరు" అంది.

అలా మాస్టారు నడక మొదలుపెట్టారు. నడకంటే ఆయనకు నడక కాదు, పోటీ. ముందు ఎవరు వెళ్తున్నా దాటిపోవాలి. ఎవరూ లేకపోతే నిన్నటి తనను దాటిపోవాలి. సెల్‌ఫోనులో అడుగులు లెక్కపెట్టుకుంటూ, రైలుపట్టాలు దాటి, ఊరు దాటి, కాఫీ తోటల వాలు దాకా వెళ్ళి వచ్చేవారు. మూడో వారంలో ఒకరోజు ఆ వాలు దగ్గర ఆగిపోవలసి వచ్చింది.

సిల్వర్ ఓక్ చెట్ల మధ్య, మోకాళ్ళ దాకా మంచులో, ఒక ముసలాయన గాలిలో చేతులు ఆడిస్తున్నాడు. ఆడిస్తున్నాడనడం కూడా ఎక్కువే. చెయ్యి లేస్తోందో లేదో చూసేవాడికి తెలీదు, కాసేపటికి చూస్తే లేచి ఉంటుంది. కాలు కదిలినట్టుండదు, మనిషి మాత్రం రెండడుగులు పక్కన ఉంటాడు. ఈయనకు పక్షవాతం గాని వస్తోందేమో, ఎవరినైనా పిలవాలేమో అనుకున్నారు మాస్టారు. అంతలో ఆ ముసలాయన చేతులు దించి, తిరిగి చూసి నవ్వాడు.

"రండి మాస్టారూ. మీ అరుపు నాకు ఎరికే. పొద్దున్న ఏడున్నరకి మా తోటలో పిట్టలు లేచేది దానికే."

ఆయన పేరు సురేంద్ర. ఆ కొండ కింది ఊళ్ళో కొండదొరల ఇంట పుట్టినవాడు. పద్దెనిమిదో ఏట ఎవరో విశాఖపట్నం తీసుకుపోతే అక్కణ్ణుంచి సరుకు ఓడల్లో చేరి, ఇంజను గదిలో ఇరవై ఆరేళ్ళు పనిచేసి, మళ్ళీ వచ్చి తండ్రి ఎకరన్నర కాఫీ తోట చూసుకుంటున్నాడు. ఒకసారి వాళ్ళ ఓడ మరమ్మతు కోసం సముద్రం అవతల పినాంగు రేవులో ఏడు నెలలు ఆగిపోయిందట. ఊసుపోక రోజూ రేవు గట్టు మీద కూర్చుంటే, అక్కడ ఒక చైనా వంటాయన పొద్దున్నే తాయిచీ అనే ఈ నెమ్మది సాధన చేసేవాడట. చూసి చూసి నేర్చుకున్నాడు. ఊళ్ళో అందరూ ఆయనను గాలీతాయన అంటారు, గాలిలో ఈత కొట్టే ఆయన అని. ఆయన దానికి కోపం తెచ్చుకోడు. పిలిస్తే పలుకుతాడు కూడా.

"ఇది యుద్ధవిద్యే మాస్టారూ, ఆరోగ్యం దాంతో వచ్చిన కొసరు" అన్నాడు సురేంద్ర.

మాస్టారు నవ్వు ఆపుకోలేకపోయారు. "ఇంత నెమ్మదిగా కొడితే అవతలోడు టీ తాగొచ్చి మరీ తప్పుకుంటాడు."

"అయితే నన్ను ఓపాలి తోసీయండి, సూద్దాం."

అరవై ఆరేళ్ళ మనిషి, యాభై కిలోలుంటే గొప్ప. మాస్టారు మొహమాటపడి రెండు వేళ్ళతో తోశారు. తరవాత అరచేత్తో తోశారు. తరవాత కబడ్డీ రోజులు గుర్తొచ్చి భుజం పెట్టి తోశారు. తోసిన చోట మనిషి దొరకలేదు. ఉన్నాడు, చేతికి చొక్కా తగులుతూనే ఉంది, కాని ఆనడానికి ఏమీ లేదు. మరుక్షణం మాస్టారు సురేంద్రను దాటుకుని పోయి గట్టు మీది బురదలో రెండు చేతులూ మోచేతుల దాకా దింపేశారు.

ఇంటికి వచ్చేసరికి ఆయన మొహం ఎర్రగా ఉంది. రత్నాలు చొక్కా చూసి, "నడకకెళ్ళారా, ఊడుపులకెళ్ళారా?" అంది. ఆయన నేరుగా స్నానానికి పోయారు. మర్నాడు అయిదింటికే లేచి మళ్ళీ వాలు మీదికి వెళ్ళారు. నేర్చుకోడానికి కాదు, ఆ ముసలాయన చేసిన మోసమేమిటో కనిపెట్టడానికి.

సురేంద్ర మోసం చూపించలేదు. ఒక సిల్వర్ ఓక్ చెట్టు ముందు నిలబెట్టి, దాన్ని కౌగిలించుకోబోతున్నట్టు చేతులు పెట్టించి, మోకాళ్ళు కొంచెం వంచించి, "ఇలాగే ఉండండి, మూడు నిమిషాలు" అన్నాడు. మూడు నిమిషాలు ఏమిటి, నలభై నిమిషాల కబడ్డీ ఆడినవాణ్ణి అనుకున్నారు మాస్టారు. మొదటి నిమిషం గడిచేసరికి తొడలు వణికాయి. రెండో నిమిషంలో భుజాలు మండాయి. రెండున్నరకి చెట్టుకి ఆనుకుని ఆయాసపడుతున్నారు.

"మీ ఒంట్లో బలానికేటీ లోటు లేదు" అన్నాడు సురేంద్ర. "నిలబడ్డానికి కాళ్ళు సాలు. మీరు మెడతోటీ పళ్ళతోటీ కూడా నిలబడతన్నారు."

"మరి ఏటి సేయాలి?"

"సూడండి, నాను పుస్తకాలు సదివినోణ్ణి కాను, ఇంజను గదిలోటోణ్ణి. ఓడలో పైన కెప్టెనుంటాడు, కింద మేవుంటాం. మద్దిలో ఫోను. గాలీవానా వచ్చినప్పుడు పైనోడు ఫోనులో అరిసీసేవోడు. ఆడు అరిసిందేటో మాకు ఇనబడదు, మేం సెప్పింది ఆడికి ఇనబడదు. మీకాడ కూడా అదే. పైనోడు తెగ అరుస్తన్నాడు, కిందోడు సెవుడైపోనాడు. ఈ విద్దె అంతా ఏటంటే, పైనోడు మెట్లు దిగి ఇంజను గదిలోకొచ్చి కూకోడం. అంతే. వొచ్చి కూకుంటే అరవక్కర్లేదు."

మాస్టారికి ఆ మాట నచ్చింది గాని, మెట్లు ఎక్కడున్నాయో తెలీలేదు.

సెప్టెంబరంతా అడుగు వేయడమే నేర్చుకున్నారు. యాభై రెండేళ్ళ వయసులో, వందలమంది పిల్లలకు కవాతు నేర్పిన మనిషి, అడుగు వేయడం. సురేంద్ర చెప్పిన లెక్క తేలికే. ఒక కాలు నిండు బిందె, రెండోది ఖాళీ బిందె. దీన్లో నీళ్ళు దాన్లోకి తొణక్కుండా పోయాలి. పూర్తిగా ఖాళీ అయ్యేదాకా కాలు ఎత్తకూడదు. మాస్టారు సగం నిండిన కాలును ఎత్తేసేవారు, తూలేవారు, తిట్టుకునేవారు. చేతులు సరిగ్గా పెడితే కాళ్ళు మరిచిపోయేవారు, కాళ్ళు సరిచేస్తే ఊపిరి బిగబట్టేవారు.

అన్నిటికన్నా ఆయనకు చికాకు పుట్టించింది సురేంద్ర అడిగే ఒక ప్రశ్న. చెయ్యి లేస్తుండగా మధ్యలో, "మాస్టారూ, ఎక్కడున్నారు?" అనేవాడు.

"ఇక్కడే ఉన్నానండీ."

"కాదు. సెయ్యొక్కటే ఇక్కడుంది. మీరు ఆఫీసులో ఉన్నారు."

నిజమే. ఆ సమయానికి ఆయన హెడ్మాస్టరుతో ఆటస్థలం కంచె గురించి మనసులో గొడవ పడుతున్నారు. ఇంకోరోజు అడిగితే, దూరాన చదువుకుంటున్న కూతురి హాస్టల్లో ఉన్నారు. ఇంకోరోజు పంతొమ్మిది వందల తొంభై నాలుగులో అనకాపల్లి మీద ఓడిపోయిన ఫైనల్లో ఉన్నారు. ఎన్నేళ్ళుగా తాను ఒక చోటా, తన ఒళ్ళు ఇంకో చోటా కాపురం చేస్తున్నారో ఆయనకు అప్పుడు తెలిసింది. తెలిశాక సిగ్గు వేసింది, నవ్వూ వచ్చింది.

నవంబరులో వలిసె చేలు పూశాయి. లోయంతా పసుపు ఆరబోసినట్టుంది, టూరిస్టులు దారి పొడుగునా కార్లు ఆపి ఫొటోలు దిగుతున్నారు. ఒక పొద్దున్న మాస్టారు మొదటి వరస కదలికలు చేస్తున్నారు. కుడి కాలు నిండింది. ఎడమది ఖాళీ అయింది, దానంతటదే తేలింది. నడుము తిరిగింది, నడుముతో భుజం, భుజంతో చెయ్యి, గాలికి తలుపు తెరుచుకున్నట్టు తిరిగాయి. తిప్పుతున్నవాడు విడిగా ఎవడూ లేడు. చల్లటి గాలి ముక్కులోంచి లోపలికి పోవడం, అరికాలు కింద తడి ఆకు మెత్తదనం, అరచేతిలో వెచ్చదనం, అన్నీ ఒకేసారి తెలుస్తున్నాయి. ఏదీ దేన్నీ తోసుకోవడం లేదు.

చేతులు దించాక సురేంద్ర అడిగాడు. "కిరండోల్ బండి ఎల్లింది, ఇన్నారా?"

"విన్నాను. కూత విన్నాను, పెట్టెలు దడదడలాడడం విన్నాను. అయినా ఎటూ పోలేదండీ" అన్నారు మాస్టారు.

"ఎన్ని కదలికలు సేశారు అలాగ?"

"మూడో, నాలుగో."

"సాలు. నాకు పినాంగులో ఏడు నెల్లకి రెండొచ్చాయి. రేపు మళ్ళీ రాకపోవచ్చు, దిగులెట్టుకోకండి."

మర్నాడు రాలేదు. వారం తరవాత వచ్చింది. మాస్టారు దిగులు పెట్టుకోలేదు.

ఇక బడిలో జరిగింది వేరే ముచ్చట. మాస్టారు అరవడం తగ్గించేసరికి పిల్లలకు భయం పట్టుకుంది. ఆయనకు మళ్ళీ ఒంట్లో బాగోలేదేమోనని వార్డెను దగ్గరికి వెళ్ళి అడిగారు. తరవాత ఆయన పొద్దుటి పీటీలో కవాతు ఆపి ఈ గాలీత నేర్పడం మొదలుపెడితే, మొదటి వారం అంతా నవ్వడమే సరిపోయింది. మాస్టారు కోప్పడలేదు. "నవ్వండి, కాని నిండు కాలు మీద నిలబడి నవ్వండి" అన్నారు. నిండు కాలు మీద నిలబడి నవ్వడం చాలా కష్టమని వాళ్ళకూ తెలిసింది.

అందరిలోకీ త్వరగా పట్టుకున్నది భాను. తొమ్మిదో తరగతి. అనంతగిరి వైపు కొండమీది ఊరు పిల్ల. బెంచీ మీద రెండు నిమిషాలు కుదురుగా కూర్చోదని టీచర్లందరూ ఫిర్యాదు చేసే గుంట. ఆమెకు కళ్ళు ఎక్కువ. ఎవరి మోకాలు ఎటు వంగిందో, ఎవరి భుజం పైకి లేచిందో చూసిన వెంటనే చెప్పేస్తుంది, మాస్టారి మోకాలైనా సరే.

ఫిబ్రవరిలో పాడేరులో ఏజెన్సీ బడుల ఆటల పోటీలు జరిగాయి. కబడ్డీ, ఖోఖో, వాలీబాలు అన్నీ అయ్యాక మూడో రోజు మధ్యాహ్నం మాస్టారు పన్నెండుమంది పిల్లలతో ఈ విద్య ప్రదర్శించారు. నాలుగు వందలమంది పిల్లలు, ముప్పైమంది పీఈటీలు, వేదిక మీద అధికారులు. మొదట ఈలలు వేశారు. రెండు నిమిషాలయ్యాక ఈలలు తగ్గాయి. పన్నెండుమంది గుంటలు ఒకే మబ్బు కదిలినట్టు కదులుతుంటే చూస్తున్నవాళ్ళకు కూడా ఊపిరి నెమ్మదించింది. అయిపోయాక చప్పట్లు బాగానే కొట్టారు.

చప్పట్లు ఆగుతుండగా నరేష్ లేచాడు. నరేష్ రాజవొమ్మంగి వైపు బడిలో పీఈటీ. ముప్పై ఎనిమిదేళ్ళు, తొంభై అయిదు కిలోలు. కబడ్డీలో మాస్టారి శిష్యుడి వరస, మనసులో ఏదీ దాచుకోడు.

"ఏటన్నా ఇది, సీమల ఊరేగింపా?" అన్నాడు. అందరూ నవ్వారు. "యుద్ధవిద్య అని మైకులో సెప్పారు కదా. నాను తోస్తాను, నువ్వు నిలబడు. తేలిపోద్ది."

మాస్టారు సరేనన్నారు. సరే అన్న క్షణం నుంచి ఆయన అక్కడ లేరు. నరేష్ బోర్లా పడ్డట్టు, తాను చెయ్యిచ్చి లేపినట్టు, వేదిక మీదివాళ్ళు నోళ్ళు తెరిచినట్టు, ఆ రాత్రి రత్నాలుకు ఫోనులో చెబుతున్నట్టు, అంతా ముందే జరిగిపోతోంది ఆయన తలలో. నరేష్ రెండు చేతులూ ఛాతీ మీద పెట్టి ఒక్క తోపు తోశాడు.

మాస్టారు వెల్లకిలా పడ్డారు.

ఇప్పుడు ఆయన లేస్తారు, ఆ పాత అరుపు అరుస్తారు, పాడేరు కొండలు మార్మోగుతాయి అనుకున్నారు పన్నెండుమంది పిల్లలూ. మాస్టారు కూడా ఆ కోపం కోసమే ఎదురుచూశారు. కడుపులోంచి ఎప్పుడూ వచ్చే దారినే ఏదో పైకి వచ్చింది. తీరా నోటి దాకా వచ్చేసరికి అది నవ్వు. నేల మీద పడుకునే, పొట్ట ఎగిరెగిరిపడేలా నవ్వారు. ఆకాశంలో గద్ద ఒకటి తీరిగ్గా తిరుగుతోంది. ఇన్ని నెలలు కొండ మీద చేసిందంతా ఒక్క గెలుపు సరదాకి ఎలా అమ్మేశానురా అనుకుని మళ్ళీ నవ్వారు.

భాను పరిగెత్తుకొచ్చి తల దగ్గర వంగింది. ఓదార్చడానికి కాదు.

"మాస్టారూ, మీరు నరేష్ మాస్టారి మొకమే సూస్తన్నారు. బరువంతా కాలేళ్ళ మీదుంది. రెండు కాళ్ళూ నిండుగానే ఉన్నాయి, ఏదీ ఖాళీ లేదు" అంది.

"అవునే గుంటా, నిజమే" అన్నారు మాస్టారు లేస్తూ. చొక్కా దులుపుకున్నారు. "నరేషూ, ఇంకోపాలి తొయ్యి."

"ఒగ్గీయన్నా, దెబ్బ తగులుద్ది."

"తగిలితే నాకే కదా. తొయ్యి."

నరేష్ మొహమాటపడుతూనే వచ్చాడు, కాని తోసేవేళకు మొహమాటపడలేదు. మాస్టారి ఒళ్ళు ఇంకా నవ్వుకు వదులుగానే ఉంది. ఈసారి చూడవలసింది ఏమీ లేదు. ఛాతీ మీద రెండు వేడి అరచేతులు. వాటి వెనకాల తొంభై అయిదు కిలోలు. ఆ బరువు వస్తోంది, తుంటి దాటింది, కుడి తొడలోంచి అరికాల్లోకి దిగింది. నేల తీసుకుంది. ఎడమ వైపు ఖాళీగా ఉంది కాబట్టి నడుము అటు తిరిగింది. ఆయన తిప్పలేదు. నరేష్ చేతుల కింది ఛాతీ ఉన్నట్టుండి అక్కడ లేకుండా పోయింది. ఆ ఊపులో నరేష్ మాస్టారి పక్కనుంచి ముందుకు దూసుకుపోయి, నాలుగడుగులు ఆపుకోలేక వేసి, కోర్టు గీతలకు పోసి ఉంచిన ముగ్గు గుట్టలో కూర్చున్నాడు.

తెల్లటి దుమ్ము లేచింది. అది సర్దుకునేసరికి కనుబొమలు కూడా తెల్లబడ్డ నరేష్ కనిపించాడు. పిల్లల కేకలతో వేదిక మీద మైకు కూడా కూత పెట్టింది.

"ఇదేటన్నా, నువ్వు నన్ను ఏటీ సెయ్యలేదు" అన్నాడు నరేష్ ముగ్గులోంచే.

"లేదురా. నువ్వే పాపం శానా సేసీశావు."

నరేష్ పట్టు వదిలే మనిషి కాదు. మూడోసారి తోశాడు. ఈసారి అతను జాగ్రత్తపడ్డాడు, మాస్టారికి మళ్ళీ కొంచెం గెలుపు రుచి తగిలింది. ఎవరూ పడలేదు, ఎవరూ నిలబడనూ లేదు. ఇద్దరూ ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని గుడ్డెద్దుల్లా కాసేపు తిరిగి, ఆయాసం వచ్చి వదిలేశారు. జనానికి అదే ఎక్కువ నచ్చింది.

తిరిగొచ్చిన మర్నాడే మాస్టారు వాలు మీదికి వెళ్ళి సురేంద్రకు అంతా చెప్పారు. ముగ్గు గుట్ట దగ్గరికి వచ్చేసరికి లేచి నటించి మరీ చూపించారు. సురేంద్ర కాఫీ పళ్ళు ఏరుతూ విని, "అది సరే, మొదటిపాలి పడ్డారు కదా, ఎలా పడ్డారు?" అని అడిగాడు.

"వెల్లకిలా."

"తల తగిలిందా? సెయ్యి బెణికిందా?"

మాస్టారు ఆలోచించారు. మోచెయ్యి గాని, వీపు గాని ఎక్కడా నొప్పి లేదు. పడ్డప్పుడు గడ్డం ఛాతీకి ఆనిన సంగతి, వీపు గుండ్రంగా నేలను తాకిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. "లేదండీ, ఎక్కడా తగల్లేదు."

"అయితే అదీ బాగానే సేశారు" అన్నాడు సురేంద్ర, పళ్ళ బుట్ట జరుపుకుంటూ. "నాకైతే ఆ కతే ఇంకోపాలి ఇనాలనుంది."

రెండు ఆదివారాల తరవాత నరేష్ వచ్చాడు. ముందురోజే బయల్దేరి, పాడేరులో చుట్టాలింట పడుకుని, తెల్లవారుజామున బస్సెక్కి వచ్చాడట. కారణం మాత్రం వెంటనే చెప్పలేదు. రత్నాలు పెట్టిన ఉప్మా తిని, రెండో గ్లాసు కాఫీ తాగి, అప్పుడు మెల్లిగా, "అన్నా, నాక్కూడా బీపీ అన్నాడు డాక్టరు" అన్నాడు.

రత్నాలు నవ్వింది. "నాయనా, నువ్వు కూడా బురద సొక్కా తెచ్చుకుంటావన్నమాట. ఉతకడానికి మీ ఆవిడుందిలే."

మాస్టారు అతన్ని వాలు మీదికి తీసుకుపోయారు. సురేంద్ర అతన్ని ఎగాదిగా చూసి, ఉన్నవాటిలో లావుపాటి సిల్వర్ ఓక్ ముందు నిలబెట్టి, చేతులు పెట్టించి, మోకాళ్ళు వంచించాడు. ఒక నిమిషానికి నరేష్ తొడలు వణకసాగాయి. చెమట కనుబొమల మీంచి కారింది.

"అన్నా, ఎంతసేపయింది?"

"ఇప్పుడే కదరా మొదలెట్టావు" అన్నారు మాస్టారు.

"నువ్వు ఎంతసేపుంటావు?"

"పాతిక నిమిషాలుంటాను. మనసు ఇక్కడున్ననాడు ఉంటాను, లేన్నాడు లేను."

ఆరోజు ఆదివారమైనా హాస్టలు పిల్లలకు ఎనిమిదింటికి సాధన ఉంది. భాను అప్పటికే ఆటస్థలంలో అందరి మోకాళ్ళూ సరిచేస్తూ ఉంటుంది. మాస్టారు నరేష్‌ను సురేంద్రకు అప్పగించి వాలు దిగసాగారు. మిరియాల తీగలు పాకిన చెట్ల మధ్య సన్నటి బాట. రాత్రి మంచుకు తడిసి ఉంది. ఒక కాలు నిండుతోంది, ఒక కాలు ఖాళీ అవుతోంది. ఎక్కడో అడవి కోడి కూసింది. కాఫీ పూత వాసన అప్పుడే మొదలైంది. సగం వాలు దిగాక ఆయనకు ఒక సంగతి తట్టింది. ఇంతసేపూ ఆయన బడి గురించి గాని, బీపీ గురించి గాని, ఇంక దేని గురించి గాని అనుకోలేదు. నడిచారు, అంతే. ఆహా, ఎంత బాగా నడుస్తున్నానో కదా అనుకున్నారు.

అనుకోగానే కాలు జర్రున జారింది. మిరియాల తీగ పట్టుకుని ఆపుకుని, ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగారు. పైన నరేష్ వణుకుతున్న మోకాళ్ళతో చెట్టుకు అటువైపు ఉన్నాడు. సురేంద్ర మాత్రం చూశాడు, చూసి చెయ్యి ఊపాడు. మాస్టారు కూడా చెయ్యి ఊపి, నవ్వుకుంటూ మిగతా వాలు దిగారు.